గాజుల లక్ష్మీనరసుశెట్టి

చెన్నపట్టణపుఁ దెలుఁగు వర్తకులలో ధనము గడించినవారు పెక్కండ్రు. గడించిన ధనమును సత్రములకును దేవాలయములకును నొసఁగినవారును గలరు. కాని పత్రికకును, మహజరులకును, ఎన్నఁడును జూడని రైతుల కష్టనివారణమునకును వ్యయించి, తుదకు బీదయై గతించినవాఁ డరుదు. గాజుల లక్ష్మీనరసుశెట్టి యట్టివాఁడు.

ఇతఁడు 1806వ సంవత్సరమునఁ జెన్నపట్టణమున జన్మించెను. తండ్రి సిద్ధులుశెట్టి నీలిమందు వర్తకుఁడు. కుమారుఁడు చిన్ననాఁడే తండ్రి వ్యాపారమునఁ బ్రవేశించి, రుమాళ్లు, నూలుబట్టలు, నీలిమందు సీమ కెగుమతిచేసి సంపన్నుఁడయ్యెను. ఆ కాలమున నీలిపైరునకుఁ బేరువడిన మండలములలోఁ గడప యొకటి. మదనపల్లె తాలూకాయు, అందలి బీరంగి కొత్తకోట మొదలగు గ్రామములును నాఁడు కడపమండలములోనివే. చిత్తూరు ప్రత్యేకమండలమైనది 1911లోఁ గదా! పైరు పెట్టిన రైతునకును సరకు నోడ కెక్కించిన వర్తకునకును నడుమ నెన్నియో చేతులుండెడివి. నడుమ జరుగు సంగతులు తెలియకున్నను వర్తకమునకు లోపములేదు. లక్ష్మీనరసుశెట్టి తెలిసికొనఁగోరెను.

1844 అక్టోబరు 2వ తేదీని ‘క్రెసెంటు’ అను నింగ్లీషుపత్రిక వెలువడినది. నారాయణస్వామినాయుఁడు నడపుచుండిన పత్రికాముద్రాలయమును గొని శెట్టి దీనిని స్థాపించెను. ఎడ్వర్డు హార్లీ యను దొర సంపాదకుఁడు. హిందువుల స్థితిని బాగుచేయుటయే పత్రికయుద్దేశము. దేశభాషలో నడపక యింగ్లీషున నేల నడపెననఁగా, ఫిర్యాదు వినవలసినవారు చదువఁగలిగినది యా భాషయే. దొరతనమువారి కీ పత్రిక మొదటినుండియుఁ గంటగింపయ్యెను. దాని ప్రకటనను సర్కారు గెజిటులోఁ జేర్చుకొనుటకైన నంగీకరింపరైరి.

ఆరంభదినములలోఁ బత్రిక పోరాటమంతయు మతవిషయమైనదే. సర్కారు పాఠశాలలో బైబిలును బాఠ్యగ్రంథముగాఁ బెట్టవలెనన్న యాలోచనయు, మతము మార్చుకొన్నవానికిఁ బిత్రార్జితమున భాగముండవలెనన్న ముసాయిదాచట్టమును హిందువులను గలఁతపెట్టినవి. 1846లోఁ జెన్నపట్టణమున జరిగిన మహాసభకు శెట్టియే యధ్యక్షుఁడు. ఐనను పిత్రార్జితపు విషయము 1850వ సంవత్సరపు 21వ చట్టమై నిలిచినది. ఇంతమాత్రమే చేసియుండినచో నీతఁ డాచారరక్షకులలో నొకఁడుగా మిగిలియుండెడివాఁడు. ఇతని ఘనత తరువాతి పదేండ్లలోనిది.

కుంపిణీ సన్నదు గడువు 1854తో ముగియవలసియుండెను. పార్లమెంటున విచారణ జరుగకమునుపే తమ మాట వినిపింపవలెనని కలకత్తావారు సంఘమేర్పఱుచుకొనిరి. 1852 ఫిబ్రవరిలో దానికి శాఖగాఁ జెన్నపట్టణమున నొక సంఘ మేర్పడినది. కలకత్తావారి మహజరు చెన్నరాజధాని కష్టములను సరిగాఁ జెప్పదని కొలఁదినెలలలోనే యీ శాఖ విడివడి ‘మదరాసు నేటివు అసోసియేషను’ అయినది. ఈ విడివాటునకుఁ గారణము స్పష్టము. వంగదేశమున శాశ్వతపైసలా, ఇచటి మండలములఁ బెక్కింట రైత్వారీ. అచట జమీందారు, ఇచట రైతు సర్కారునకు నేరుగా బాకీదారు. ఆ సంవత్సరము డిసెంబరులో శెట్టియుఁ దోడివారును బంపిన మహజరులోఁ బన్నులభారము, మార్గములయు నీటివనరులయు లోపము, న్యాయస్థానముల యాలస్యము చెప్పఁబడినవి. వీనితోఁగూడ మఱియొకమాట యుండెను: శిస్తు రాఁబట్టుటకుఁ బ్రజలను హింసించుచున్నారని.

ఈ హింసకు మూలము కొంత పరిపాలనపద్ధతిలోనే యున్నది. 1800లో నైజాము దత్తము చేసిన మండలములను మన్రో 1807 వఱకుఁ బాలించి రైత్వారీ నాటెను. పిమ్మట 1816 నాఁటి నిబంధనలచేఁ బోలీసధికారము కలెక్టరునకును, అతనిక్రింది తహసీలుదారునకును సంక్రమించినది. శిస్తు వసూలుచేయువాఁడే దొంగలను బట్టువాఁడయ్యెను. వానిపై నెవనితో మొఱపెట్టుకొనవలెను? మెడకును గాలివ్రేలికిని ద్రాడుగట్టి వంచి యెండలో నిలుపుట, ‘కిట్టి’ యను పేర రెండుకఱ్ఱల నడుమ వ్రేళ్లుంచి బిగించుట కచేరీ వాడుకలయ్యెను. బాకీలా, పలుచోట్లఁ గొలఁది రూపాయలు.

1853లోఁ బార్లమెంటుసభ్యుఁడు డాన్బీ సీమరు చెన్నపట్టణమునకు వచ్చెను. శెట్టి యతనిని వెంటఁబెట్టుకొని జిల్లాలు తిరిగి గ్రామస్థుల మాటలను స్వయముగా వినిపించెను. వర్తకమునకుఁ బనికివచ్చు ప్రయాణము కాదది. సీమరు మరలిపోయి 1854లోఁ గామన్సుసభలో సంగతి యెత్తఁగా విచారణసంఘ మేర్పడినది. ఎలియట్టు, స్టోక్సు, జాన్ బ్రూసు నార్టను అందు సభ్యులు. వారికిఁ జేరిన ఫిర్యాదులు 1,959. అందు 519 మంది స్వయముగా వచ్చి చెప్పుకొనినవి, 1,440 జాబులు. దక్షిణదేశమున నినుపదారి 1856లోఁగాని తెఱవఁబడలేదు. మదనపల్లె ప్రాంతపు రైతు చెన్నపట్టణము చేరవలెనన్న నూటయేఁబది మైళ్లకుఁ దక్కువ నడక కాదు. చెప్పి మరలివచ్చినపిమ్మట మరల నా తహసీలుదారు చేతికిందనే బ్రదుకవలెను. అట్టిచో 519 స్వల్పసంఖ్య కాదు.

1855లో వెలువడిన నివేదిక హింస జరుగుచున్నదని యొప్పుకొనెను. ఐతే దోషమంతయు దేశీయులగు చిన్నయుద్యోగులదే యనియు, దొరల సమ్మతి లేదనియుఁ దీర్మానించెను. యేండ్లతరబడి కచేరీ ముంగిట జరుగునది కచేరీలోనివారికిఁ దెలియదనుట నమ్మఁదగినది కాదు. 1857 సెప్టెంబరులో న్యూయార్కు పత్రికయొకదానిలోఁ గార్ల్ మార్క్సు ఈ నివేదికనే యాధారముచేసికొని కుంపిణీపాలనను విమర్శించెను. సిపాయీల క్రౌర్యమునే తలఁచుచుండిన యింగ్లండున కది ప్రతివాక్యము. పరిపాలనలోఁ గలిగిన ఫలము 1859వ సంవత్సరపు 24వ చట్టము: చెన్నరాజధానిలోఁ బోలీసుశాఖను శిస్తు వసూలునుండి విడఁదీసి ప్రత్యేకాధికారి క్రిందఁ బెట్టిరి. విచారణ మొక్కటే దీనికిఁ గారణమనరాదు. ఐనను అది లేక యీ చట్టమునకుఁ ద్రోవ యేర్పడియుండదు.

1863లో శెట్టి చెన్నపట్టణపు శాసననిర్మాణసభలో సభ్యుఁడుగా నియమింపఁబడెను. ఇరువదియేండ్లు తన్ను ననుమానించిన దొరతనమే పిలిచి యాసన మిచ్చినది. అప్పటికి వర్తకము క్షీణించినది. పత్రికయు సంఘమును దినివేసినది పోఁగా మిగిలినది కొంచెము. 1868లో నిర్ధనుఁడై మరణించెను. సంఘము నంతకుమునుపే చల్లారినది. చెన్నపట్టణమున ‘మహాజనసభ’ 1884లో నేర్పడునాఁటికి శెట్టి గతించి పదునాఱేండ్లయినది; దాని తొలి యధ్యక్షుఁడు పి. రంగయ్యనాయుఁడు.