దామెర్ల చిత్రశాల: ఒక పేరు వెనుక ఒక బృందం

ప్రవేశిక

ఆధునిక తెలుగు సాహిత్య చరిత్రలో రాజమహేంద్రవరానికి వీరేశలింగం కాలం నుండి స్థిరమైన స్థానం ఉంది. అదే పట్టణంలో రూపుదిద్దుకున్న ఆధునిక చిత్రకళకు మన సాహిత్య చరిత్రలలో దొరికే చోటు చాలా తక్కువ. ఆ కొద్దిపాటి ప్రస్తావనలో కూడా సాధారణంగా కనిపించేది దామెర్ల రామారావు (1897-1925) ఒక్కరే. ఆయన స్మారకంగా నిలిచిన చిత్రశాలను పట్టణ ప్రజలు ‘దామెర్ల ఆర్ట్ గ్యాలరీ’ అంటారు. ఇరవై ఎనిమిదో ఏటనే మరణించిన చిత్రకారుని పేరు అలా గోడ మీద నిలవడం సముచితమే. అయితే ఆ చిత్రశాల మనకు మిగలడానికి కారణం రామారావు ప్రతిభ ఒక్కటే కాదు. ఆయనతో కలిసి నేర్చుకున్నవారు, ఆయన వద్ద నేర్చుకున్నవారు, ఆయన లేని తరువాత పనిని కొనసాగించినవారు ఒక బృందంగా ఉన్నారు. చిత్రశాలను ఆ బృందం దృష్టితో చదవాలన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

కూల్డ్రే శిష్యులు

ఈ చరిత్రకు మూలం ఒక కళాశాల. ఆస్వాల్డ్ కూల్డ్రే 1909 నుండి 1919 వరకు రాజమండ్రి ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేశారు. ఆయన స్వయంగా చిత్రకారుడు, రచయిత. దక్షిణ భారత జీవితానుభవాలతో ఆయన రాసిన గ్రంథం 1924లో వెలువడింది. ఆయన చుట్టూ చేరిన యువకులలో దామెర్ల రామారావు, అడివి బాపిరాజు, కవి కవికొండల వెంకటరావు ఉన్నారు. వీరిలో ఒకరు చిత్రకారుడు, ఒకరు కవి, ఒకరు రెండూ అయినవారు. సాహిత్య విద్యార్థి ఇక్కడ కాసేపు ఆగాలి. చిత్రాన్నీ కవిత్వాన్నీ వేర్వేరు శాఖలుగా చూడటం మన పాఠ్యప్రణాళికల అలవాటే గాని, ఆ యువకుల అలవాటు కాదు.

కూల్డ్రే ప్రోత్సాహంతో రామారావు 1916లో బొంబాయి జె.జె. కళాశాలలో చేరి 1920లో శిక్షణ ముగించుకున్నారు. ఆ కాలంలో దేశంలో రెండు దారులు స్పష్టంగా కనిపిస్తున్నాయి. కలకత్తాలో అవనీంద్రనాథ ఠాకూరు, ఆయన శిష్యులు పాశ్చాత్య అనుకరణను వదలి అజంతా, మొగలు, జపాను సంప్రదాయాల వైపు చూశారు. రంగును కడిగి కడిగి మసకగా తేల్చే వాష్ పద్ధతి వారి ముద్ర. బొంబాయిలో శరీర నిర్మాణ పరిజ్ఞానానికి, మనిషిని ఎదురుగా నిలుపుకొని గీయడానికి ప్రాధాన్యం. తెలుగునేల మీద బెంగాలు దారి బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలకు ప్రమోద్ కుమార్ చటర్జీ ద్వారా వచ్చింది. బాపిరాజు అక్కడ ఆయన వద్ద అభ్యసించారు. బొంబాయి దారి రామారావుతో రాజమండ్రి చేరింది. గోదావరి ఒడ్డున ఒకటి, సముద్రతీరపు పట్టణంలో మరొకటి. ఈ రెండింటినీ శత్రుశిబిరాలుగా చిత్రించడం తేలికే గాని, ఒకే గురువు వద్ద మొదలైన ఇద్దరు మిత్రులు ఆ రెండింటిలో ఉన్నారన్న విషయం ఆ తేలికకు అడ్డువస్తుంది.

రామారావు చిత్రాలలో బొంబాయి శిక్షణ ఇచ్చిన శరీర పరిజ్ఞానం కనిపిస్తుంది. కాని దానిని మోసే గీత మాత్రం భారతీయ సంప్రదాయం నుండి తెచ్చుకున్నది. ‘పుష్పాలంకరణ’, ‘కార్తీక పౌర్ణమి’, ‘నందిపూజ’ వంటి శీర్షికలు చూస్తేనే ఆయన వస్తువు ఎక్కడిదో తెలుస్తుంది. తూర్పు కనుమల నడుమ సాగే గోదావరిని కూడా ఆయన చిత్రించారు. జంగారెడ్డిగూడెం వంటి మెట్ట పట్టణాలలో చదివే విద్యార్థికి పోలవరం, పాపికొండలు పుస్తకాలలోని పేర్లు కావు, ఇంటి పక్కవి. ఆ కొండల మధ్య నీటిని ఒక తెలుగు చిత్రకారుడు వందేళ్ల క్రితమే రంగుల్లోకి తెచ్చాడని మన తరగతి గదుల్లో చెప్పేవారు అరుదు. ఆయన చిత్రాలు 1924లో లండన్ వద్ద వెంబ్లీలో జరిగిన బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శన వరకు వెళ్లాయి.

మరణం తరువాత

1922-23 ప్రాంతంలో రామారావు మిత్రులతో కలిసి చిత్రకళా సమితిని, చిత్రకళాశాలను నెలకొల్పారు. 1925 ఫిబ్రవరి 6న మశూచి సోకి మరణించారు. సంస్థకు అప్పటికి రెండు మూడేళ్ల వయస్సు. స్థాపకుడు పోగానే మూతపడిన సంస్థలు తెలుగునాట లెక్కలేనన్ని. ఇది అలా మూతపడలేదు. వయస్సులో రామారావు కంటే పెద్దవారైన వరదా వెంకటరత్నం (1895-1963) పాఠశాల భారాన్ని తన మీద వేసుకున్నారు. స్వయంగా చిత్రకారుడై ఉండీ మరొకరి పేరుతో నడిచే సంస్థకు దశాబ్దాల జీవితాన్ని వెచ్చించడం చిన్న విషయం కాదు. ఆయన వద్ద అభ్యసించిన మాదేటి రాజాజీ వంటి తరువాతి తరం చిత్రకారుల ద్వారా ఆ పరంపర పట్టణంలో కొనసాగింది. రామారావు ఎక్కువగా గుర్తుకురావడం, వెంకటరత్నం తక్కువగా గుర్తుకురావడం న్యాయమని నేను అనుకోను.

బృందంలోని స్త్రీల విషయం ఇంకా ముఖ్యం. రామారావు భార్య సత్యవాణి, సోదరి దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ ఇద్దరూ చిత్రకారిణులు. ఇరవయ్యవ శతాబ్ది తొలి దశకాలలో తెలుగు స్త్రీలు కవయిత్రులుగా, పత్రికా సంపాదకులుగా ఎదిగిన తీరును మన పరిశోధన కొంతవరకు నమోదు చేసింది. కుంచె పట్టిన స్త్రీల మీద ఆ శ్రద్ధ చూపలేదు. సత్యవాణిని ‘భార్య’గా, బుచ్చికృష్ణమ్మను ‘సోదరి’గా పేర్కొని ముందుకు సాగిపోవడం పరిపాటి అయింది. వారి చిత్రాలను రామారావు చిత్రాల పక్కన పెట్టి చూస్తే, స్త్రీ రూపాన్ని పురుషుడు చిత్రించిన తీరుకూ, అదే ఇంట్లో స్త్రీలు చిత్రించిన తీరుకూ ఉన్న దూరాన్ని కొలవవచ్చు. ఒకే ఇల్లు, ఒకే శిక్షణ, వేర్వేరు చేతులు. పోలికకు ఇంతకంటే అనువైన సామగ్రి దొరకడం కష్టం.

చిత్రాలు పుట్టిన ఊళ్లోనే నిలవడంలో లాభమూ ఉంది, నష్టమూ ఉంది. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో ముద్రణాలయం పెట్టి తన బొమ్మలను ఇంటింటి గోడకు చేర్చారు. రామారావుకు అటువంటి వ్యాప్తి లేదు. 1924లో మొదలైన ‘భారతి’ వంటి పత్రికల రంగుల పుటలే ఆ కాలపు చిత్రకళను పాఠకులకు పరిచయం చేశాయి. అసలు చిత్రాలు చూడాలంటే రాజమండ్రి వెళ్లవలసిందే. అందువల్ల జాతీయస్థాయి కళాచరిత్రలలో ఆయన పక్కకు జరిగారు. కాని చెదరిపోకుండా ఒకచోట నిలిచిన చిత్రాలు ఒక చిత్రకారుడు ఎదిగిన దారిని చూపగలవు. నీటిరంగులకు వెలుతురూ తేమా రెండూ శత్రువులే. రాష్ట్ర ప్రభుత్వ నిర్వహణలోని చిత్రశాలకు నదీతీరపు గాలి వల్ల కలిగే ఇబ్బంది ఊహించదగినదే.

చిత్రం, భావకవిత్వం

రామారావు మరణించిన 1925లోనే కృష్ణశాస్త్రి ‘కృష్ణపక్షం’, నండూరి ‘ఎంకిపాటలు’ పుస్తకాలుగా వచ్చాయి. భావకవిత్వానికి ఆంగ్ల కాల్పనిక కవులను, రవీంద్రుని మూలాలుగా చూపడం మనకు బాగా అలవాటు. సమకాలీన తెలుగు చిత్రాన్ని దాని పక్కన ఉంచి చదివిన సందర్భాలు తక్కువ. వెన్నెల, ఏటి ఒడ్డు, పూలు, పల్లె స్త్రీ, చెప్పీ చెప్పని అనురాగం రెండింటిలోనూ ఉమ్మడి వస్తువులు. ప్రభావం ఎటు నుండి ఎటు ప్రవహించిందన్న ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పనక్కరలేదు. బాపిరాజు వంటి వ్యక్తి రెండు వైపులా నిలిచి ఉండగా, అది ఒకే వైపు సాగిందనడం పొరపాటు.

రామారావు చిత్రాలలో ‘సిద్ధార్థ రాగోదయం’ ప్రసిద్ధమైనది. బుద్ధుని కథలో చిత్రకారులు తరచుగా ఎన్నుకొనేది వైరాగ్యం పుట్టిన ఘట్టం. రామారావు అనురాగం పుట్టిన ఘట్టాన్ని ఎన్నుకున్నారు. ‘రాగం’ అంటే ప్రేమ, ఎరుపు, రంగు, స్వరాల కూర్పు కూడా. ఆ శీర్షికను విడిగా చూపి ఎవరిదని అడిగితే, భావకవిత్వం చదివిన విద్యార్థి ఏదో ఒక కవి పేరు చెబుతాడు.