కోటకి టికెట్టుంది, వంతెనకి లేదు

హైదరాబాద్ పుట్టుక గురించి మనందరం విన్న కథ ఒకటే. గోల్కొండ యువరాజు మహమ్మద్ కులీ, మూసీ అవతలి పల్లెలో భాగమతి. ఆమె కోసం వరదలో గుర్రమెక్కి ఏరు దాటాడట. కొడుకు ఎక్కడ కొట్టుకుపోతాడోనని తండ్రి ఇబ్రహీం కుతుబ్ షా వంతెన కట్టించాడట. అదే పురానాపూల్. సినిమాకి సరిపోయే కథే, కానీ లెక్క కుదరదు. వంతెన కట్టింది 1578లో. కులీ పుట్టింది 1565 ప్రాంతంలో. వరదకి ఎదురెళ్ళిన ఆ ప్రేమికుడికి అప్పటికి 13 ఏళ్ళు!

మరెందుకు కట్టినట్టు? జవాబు గోల్కొండ మీద దొరికింది. విజయవాడ నుంచి కెమెరాతో వచ్చి, ఒక రోజు కోటకీ ఒక రోజు వంతెనకీ పెట్టుకున్నాను. 300కు పైగా మెట్లెక్కి బారాదరి మీద నిలబడితే, కింద గోడల మధ్య ఇరుక్కున్న ఊరు కనిపిస్తుంది. ఇబ్రహీం కాలానికే అక్కడ జనం కిక్కిరిసిపోయారు, నీళ్ళు చాలడం లేదు. తూర్పున కార్వాన్‌లో వర్తకులు. ఇంకా తూర్పుకి పోతే మచిలీపట్నం రేవు. గోడలు దాటి పెరగాలంటే ముందు మూసీ దాటాలి. చార్మినార్ కట్టింది 1591లో, అంటే దారి పడ్డ 13 ఏళ్ళకి. ప్రేమకథ పక్కన పెడితే ఈ నగరానికి మొదటి పునాది వంతెనదే. ఆ ఘనత తండ్రికి రావాలి. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నది ఈ ఇబ్రహీంనే.

కోట ఫోటోలకి ఇట్టే లొంగుతుంది. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత ఔరంగజేబు వశమై, తర్వాత మెల్లగా పాడుబడిపోయింది. ఇప్పుడు సాయంత్రపు ఎండలో ఏ మూల చూసినా పోస్టుకార్డే. వంతెన అలా కాదు. పైన కూరగాయల బజారు, నీలం టార్పాలిన్లు. కింద మూసీ, ఆ వాసన. ఫ్రేమ్ కోసం నేను వెనక్కి వెనక్కి జరుగుతుంటే ఒక అమ్మ అడిగింది: “ఏం దీస్తున్నవ్ బిడ్డా, పూల్‌నా, టమాటల్నా?”

17వ శతాబ్దంలో ఇటు వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టవెర్నియే, అందంలో ఇది పారిస్‌లోని పాంట్ నఫ్‌కి పెద్దగా తీసిపోదని రాశాడు. తమాషా ఏమిటంటే పాంట్ నఫ్‌కి శంకుస్థాపన జరిగింది కూడా 1578లోనే. ఆ పేరుకి అర్థం ‘కొత్త వంతెన’. నేడు పారిస్‌లో నిలిచి ఉన్నవాటిలో అదే అన్నిటికంటే పాతది. దాని ఈడుదే అయిన మనది మాత్రం పేరులోనే ముసలిదైపోయింది. అక్కడ జనం ఫోటోలు దిగడానికి వెళ్తారు, ఇక్కడ కొత్తిమీర బేరమాడడానికి వస్తారు. నాకు రెండోదే నచ్చింది, కాకపోతే కాస్త శుభ్రం చేస్తే బాగుండు.

1908 సెప్టెంబర్ 28 వరద వేలమందిని పొట్టన పెట్టుకుంది. మూసీ మీది మిగతా వంతెనలు దెబ్బతిన్నాయి, ఇది నిలబడింది. ఆ బలం చూడాలంటే పక్కన ఒడ్డుకి దిగాలి. వరస కమానులూ, వాటి కింద లావాటి రాతి స్తంభాలూ అక్కడినుంచే కనిపిస్తాయి. నేను తీసినవాటిలో ఉంచుకున్నది అక్కడి ఫోటోనే. పైన పిట్టగోడ మీదుగా ఎవరో ఉల్లిపొట్టు దులుపుతున్నారు, అదీ పడింది అందులో.