పోర్టాస్టూడియో

పోర్టాస్టూడియో అనేది మామూలు ఆడియో క్యాసెట్‌పై నాలుగు ట్రాకులు రికార్డు చేసే యంత్రాల శ్రేణి. జపాన్‌కు చెందిన టియాక్ సంస్థ టాస్కామ్ పేరుతో తొలి నమూనా 144ను 1979లో విడుదల చేసింది. రికార్డర్, మిక్సర్ ఒకే పెట్టెలో ఉండటం దీని ప్రత్యేకత.

సాధారణ క్యాసెట్‌లో ఒక్కో వైపుకు రెండేసి ట్రాకులుంటాయి. పోర్టాస్టూడియో ఆ నాలుగింటినీ ఒకే దిశలో వాడుకుంటుంది. నాణ్యత కోసం టేపు రెట్టింపు వేగంతో, సెకనుకు సుమారు 9.5 సెంటీమీటర్ల చొప్పున నడుస్తుంది. అందువల్ల 60 నిమిషాల క్యాసెట్‌లో 15 నిమిషాల సంగీతమే పడుతుంది. టేపు రొదను తగ్గించేందుకు 144లో డాల్బీ బి విధానం వాడారు. మూడు ట్రాకులను కలిపి నాలుగోదానిపైకి ఎక్కించి, ఖాళీ అయిన వాటిపై మళ్లీ రికార్డు చేసే పద్ధతిని బౌన్సింగ్ అంటారు. ఇలా ఒక్కరే పలు వాద్యాలు, గాత్రాలు కూర్చవచ్చు. అయితే కలిపిన ట్రాకులను తిరిగి విడదీయలేరు, ప్రతి బదిలీకీ రొద పెరుగుతుంది.

అమెరికన్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1982 జనవరిలో న్యూజెర్సీలోని ఇంట్లో 144పై నమూనాగా రికార్డు చేసుకున్న పాటలే అదే ఏడాది సెప్టెంబరులో ‘నెబ్రాస్కా’ ఆల్బమ్‌గా వెలువడ్డాయి. ఇంటి రికార్డింగుకు ఇది అత్యంత ప్రసిద్ధ ఉదాహరణ. తరువాతి కాలంలో క్యాసెట్ నమూనాల స్థానాన్ని డిజిటల్ రికార్డర్లు, కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ ఆక్రమించాయి.