లిథియం అయాన్ బ్యాటరీల రీసైక్లింగు

లిథియం అయాన్ బ్యాటరీల రీసైక్లింగు అనగా వాడకము పూర్తయిన బ్యాటరీలనుండి లిథియము, కోబాల్టు, నికెలు, మాంగనీసు, రాగి వంటి లోహములను వెలికితీసి తిరిగి ఉపయోగించు ప్రక్రియ. సెల్ ఫోన్లలోను, విద్యుత్ వాహనములలోను, సౌర విద్యుత్తును నిల్వచేయు కేంద్రములలోను ఈ బ్యాటరీలను విరివిగా వాడుతున్నారు.

లిథియం లభ్యత

లిథియము పరమాణు సంఖ్య 3. ఇది లోహములన్నిటిలో తేలికైనది. ఆస్ట్రేలియాలో రాతి ఖనిజమునుండి, చిలీ, అర్జెంటీనాలలో ఉప్పునీటిని ఎండబెట్టి దీనిని తీస్తారు. శుద్ధి చేయుటలో చైనాది ప్రథమ స్థానము. 2023లో జమ్ము కాశ్మీరులోని రియాసి జిల్లాలో 59 లక్షల టన్నుల ఖనిజ వనరు ఉన్నట్లు అంచనా వేశారు. అయితే తగినంతమంది పోటీదారులు లేనందున దాని వేలము 2024లో రద్దయినది. కనుక భారతదేశము దిగుమతులపైననే ఆధారపడుతున్నది.

తెలుగు రాష్ట్రాలలో

సంగారెడ్డి జిల్లా జహీరాబాదులో విద్యుత్ మూడు చక్రాల వాహనములు తయారవుతున్నాయి. 2022లో తిరుపతి వద్ద లిథియం సెల్‌ల కర్మాగారములో ప్రయోగాత్మక ఉత్పత్తి మొదలైనది. మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో అమరరాజా సంస్థ 16 గిగావాట్ అవర్ల సామర్థ్యము లక్ష్యముగా తలపెట్టిన సెల్ కర్మాగారమునకు 2023లో శంకుస్థాపన జరిగినది. ఈ రెండు రాష్ట్రాలలోను లిథియం గనులు లేవు. అందువలన వాడేసిన బ్యాటరీయే ఇక్కడి పరిశ్రమకు దగ్గరలోని గని అని చెప్పవచ్చును.

విధానము

ముందుగా బ్యాటరీలో మిగిలిన విద్యుత్తును పూర్తిగా తీసివేస్తారు. అలా చేయనిచో నిప్పు అంటుకొను ప్రమాదము ఉన్నది. తరువాత బ్యాటరీని ముక్కలు చేసి రాగి, అల్యూమినియం రేకులను వేరుచేస్తారు. మిగిలిన నల్లని పొడిని ఆమ్లములో కరిగించి, ఒక్కొక్క లోహమును విడదీస్తారు. హైదరాబాదులోని సి-మెట్ సంస్థ రూపొందించిన పరిజ్ఞానముతో లిథియము, కోబాల్టు, నికెలు, మాంగనీసులలో కనీసం 95 శాతమును రాబట్టవచ్చునని కేంద్ర ప్రభుత్వము ప్రకటించినది. దీనిని 2023లో 9 రీసైక్లింగు సంస్థలకు బదిలీ చేశారు.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకము బ్యాటరీలలో కోబాల్టు, నికెలు ఉండవు. అందువలన అవి చవక. కాని వాటినుండి రాబట్టు పదార్థముల విలువ కూడ తక్కువ. గిట్టుబాటు లేనిచో వీటిని సేకరించువారు ఉండరు. చట్టము అవసరమగుటకు ఇది ఒక కారణము.

చట్టము

2022 బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమముల ప్రకారము వాడేసిన బ్యాటరీల సేకరణ, రీసైక్లింగు బాధ్యత ఉత్పత్తిదారులదే. విద్యుత్ వాహనముల బ్యాటరీలోని పదార్థములలో రాబట్టవలసిన కనీస భాగమును 2026-27 నుండి 90 శాతముగా నిర్ణయించారు. విద్యుత్ వాహనముల కొత్త బ్యాటరీలలో రీసైక్లింగు ద్వారా లభించిన పదార్థము 2027-28లో కనీసం 5 శాతము, 2030-31 నుండి 20 శాతము ఉండవలెను.

పర్యావరణ సమస్యలు

ఆమ్లములతో చేయు ఈ ప్రక్రియలో లోహములు, లవణములు, ఫ్లోరైడు కలిసిన మురుగునీరు వెలువడుతుంది. దీనిని శుద్ధి చేయక వదలిన ఏమగునో తెలుసుకొనుటకు పటాన్‌చెరు చరిత్ర ఉపకరిస్తుంది. జోగిపేట సమీపమున సింగూరు జలాశయమును దాటి వచ్చు మంజీరా నదిలో నక్కవాగు కలుస్తుంది. పటాన్‌చెరు ప్రాంతపు మందుల, రసాయనముల కర్మాగారముల వ్యర్థజలములు నక్కవాగులో చేరి చెరువులను, భూగర్భజలమును, పొలములను పాడుచేసినవి. దీనిపై 1990లో సుప్రీం కోర్టులో వ్యాజ్యము దాఖలైనది. తరువాత ఉమ్మడి శుద్ధి కేంద్రము ఏర్పడినను, అక్కడ శుద్ధిచేసిన నీటిలో సైతము మందుల అవశేషములు అత్యధికముగా ఉన్నట్లు 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు వెల్లడించారు. ఆ కాలుష్యమునకు బ్యాటరీలు కారణము కాదు. అయినను శుద్ధి కేంద్రము ఉన్నంత మాత్రమున చాలదని, దానిలోనికి వచ్చు ప్రతి పదార్థమునకు తగిన శుద్ధి, నిత్య పర్యవేక్షణ ఉండవలెనని ఈ అనుభవము తెలుపుతున్నది.

ఇండ్లలో పాడైన బ్యాటరీలను చెత్తలో వేయరాదు, పగులగొట్టరాదు. వాటిని అధీకృత సేకరణ కేంద్రములలో అప్పగించవలెను.