కారం తగ్గిన మిరప కథ



మిరపకాయ అనగానే మనకు ముందు గుర్తొచ్చేది కారం. కాని కారం కోసం గాక, రంగు కోసం, కమ్మని వాసన కోసం వాడుకునే మిరపలు కూడా ఉన్నవి. మన ఓరుగల్లు ప్రాంతపు చపాటా మిరప అటువంటిదే. ఎర్రగా, లావుగా టమాటాను తలపిస్తుంది గనుక టమాటా మిరప అని కూడా అంటారు. పచ్చడికి మంచి రంగు తెస్తుంది, నోరు మాత్రం అంతగా మండించదు. ఇటువంటి మిరప ఎలా వచ్చిందో, దాని విత్తనాన్ని మన పెరట్లోనే ఎలా నిలుపుకోవచ్చో చెప్పుకుందాం.

మిరప పుట్టిల్లు మన దేశం కాదు, అమెరికా ఖండం. మెక్సికో ప్రాంతపు ప్రజలు వేల ఏళ్ళనాడే దాన్ని సాగులోకి తెచ్చారు. 1493లో కొలంబస్ తిరుగు ప్రయాణంతో అది స్పెయిన్ చేరింది. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువారి ఓడల్లో మన పడమటి తీరానికి వచ్చింది. అంతకుముందు మన కూరలకు కారం ఎక్కడిది? మిరియాలు, పిప్పళ్ళు, శొంఠి. ‘మిరప’ అనే పేరులోనే మిరియం పోలిక వినబడుతుంది గదా!

ఒకే మొక్క ఊరూరా ఒక్కొక్క తీరుగా మారింది. ఎక్కడి రైతు తనకు నచ్చిన కాయలోని గింజ దాచి మళ్ళీ నాటాడు; అలా నాటగా నాటగా రకాలు ఏర్పడ్డాయి. గుంటూరు సన్నం కారానికి పేరుపడితే, కర్ణాటకలోని బ్యాడిగి ముడతలకూ, రంగుకూ పేరుపడింది.

యూరపులోని హంగరీ దేశం కథ వినదగినది. అక్కడి సెగెడ్ పట్టణంలో 1859లో పాల్ఫీ సోదరులు మిరపకాయలో గింజనూ, లోపలి ఈనెలనూ తీసివేసి పొడి కొట్టే పద్ధతి తెచ్చారు. పొడిలో కారం తగ్గింది, రంగు నిలిచింది. 1920ల తరువాత అసలు కారమే లేని మొక్కలను ఎంచి పెంచారు. ఆ సెగెడ్‌లోనే సెంట్-గ్యోర్గీ అనే శాస్త్రజ్ఞుడు మిరపకాయల నుంచి సి విటమిన్‌ను పెద్ద ఎత్తున వేరుచేశాడు. ఆయనకు 1937లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ ఈనెల సంగతి మనకూ తెలియాలి. కారం గింజలో ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది గింజలు అంటుకొని ఉండే తెల్లటి కండలో తయారవుతుంది. గింజకు తగిలేది దాని తడే.

ఇంకొక అపోహ కూడా ఉంది. చపాటా పక్కన కారపు మిరప నాటితే ఈ ఏడాది కాయలే కారమెక్కుతాయని అంటారు. అది సరికాదు. ఆ తెల్లటి కండ తల్లిమొక్కది. పక్క మొక్క పుప్పొడి పడ్డా ఈ కాయ రుచి మారదు. మారేది లోపలి గింజ. తేనెటీగలు పుప్పొడి మోసుకొస్తాయి. ఆ గింజ మరుసటి ఏడు మొలిచి కాసినప్పుడు గాని మోసం బయటపడదు. అప్పటికి పాత విత్తనం ఇంట్లో లేకపోతే ఆ రకం చేజారినట్లే. పెద్దల నాటినుంచి వచ్చిన విత్తనం ఒక్క ఏటి అజాగ్రత్తతో పోవచ్చు.

కనుక ఇలా చెయ్యండి. వాన కాలంలో నీరు నిలవని చిన్న ఎత్తు మడి కట్టి, బాగా చివికిన పశువుల ఎరువు కలపండి. గింజలను అర అంగుళం లోతు మించకుండా, పలుచగా వేసి, పైన గడ్డి కప్పండి. వారం పది రోజుల్లో మొలక రాగానే గడ్డి తీసెయ్యండి. నారు ఒత్తుగా ఉన్నా, తడి ఎక్కువైనా నారుకుళ్ళు తగులుతుంది. సుమారు ఆరు వారాల నారును సాయంకాలం పూట నాటండి. పెరడు లేనివారు అడుగున చిల్లులున్న పెద్ద కుండీలో ఒక్కొక్క మొక్క పెంచుకోవచ్చు.

విత్తనానికి తెగులు లేని, రకం గుణాలు చక్కగా ఉన్న నాలుగైదు మొక్కలను ఎంచుకోండి. ధ్రువీకరణ విత్తనం పండించేవారు వేరే మిరపకు కనీసం 200 మీటర్ల ఎడం పాటిస్తారు. పెరట్లో అంత చోటు ఎక్కడిది? మొగ్గ విచ్చకముందే కొమ్మకు పలుచని గుడ్డసంచి తొడగండి. మిరప పువ్వు తన పుప్పొడితోనే కాయ కట్టగలదు. పిందె కనబడగానే సంచి తీసి, కాడకు రంగు దారం కట్టండి. ఆ కాయ చెట్టునే బాగా పండనిచ్చి కొయ్యండి. గింజలు తీసి నీడలో ఆరబెట్టి, పొడి సీసాలో మూతపెట్టి, రకం పేరు, సంవత్సరం రాసి ఉంచండి. గింజంతా ఒకేసారి నాటకండి. కొంత ఎప్పుడూ వెనక ఉండాలి. రెండు మూడేళ్ళకొకసారి కొత్త గింజ కట్టుకోండి.

2025లో వరంగల్ చపాటాకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ గుర్తింపు పేరును కాపాడుతుంది. గింజను కాపాడవలసింది మాత్రం మీరే. ఈ ఏడు మీ ఇంట ఒక్క సీసా గింజ దాచండి, మరొక గుప్పెడు పొరుగువారికి ఇవ్వండి. మీ పంట పోయిన ఏడు, వారి సీసాయే మిమ్మల్ని ఆదుకుంటుంది.