కన్సల్టింగ్ ఇంజనీరింగ్ రంగంలో నాయకత్వం, పాలన, నైతిక ప్రమాణాలు
(ప్రత్యేక వ్యాసం)

ఆనకట్టలు, వంతెనలు, రహదారులు, మంచినీటి పథకాల శంకుస్థాపన నాడు శిలాఫలకంపై కనిపించే పేర్లలో సలహా ఇంజనీరు పేరు సాధారణంగా ఉండదు. అయితే పథకం ఎక్కడ, ఎంత వ్యయంతో, ఎంత భద్రతతో నిర్మాణం కావాలన్న ప్రశ్నలకు తొలి సమాధానం ఆయన నివేదికలోనే ఉంటుంది. ప్రభుత్వ ధనంతో చేపట్టే పనులలో ఈ వృత్తి పాత్ర నానాటికీ విస్తరిస్తున్న నేపథ్యంలో, కన్సల్టెన్సీ సంస్థల నాయకత్వం, పాలనా పద్ధతులు ప్రజా ప్రాముఖ్యం గల అంశాలుగా పరిణమించాయి.

వృత్తి స్వరూపం

సలహా ఇంజనీరు కాంట్రాక్టరు కాడు, ప్రభుత్వ ఉద్యోగీ కాడు. క్షేత్ర పరిశోధన, సమగ్ర ప్రాజెక్టు నివేదిక, డిజైన్లు, అంచనాలు, టెండరు పత్రాలు రూపొందించడం, పనుల నాణ్యతను పర్యవేక్షించడం, బిల్లులను ధ్రువీకరించడం ఆయన విధులు. అతను అమ్మేది సిమెంటో, ఉక్కో కాదు, నిష్పక్షపాతమైన అభిప్రాయం. ఆ అభిప్రాయం ప్రలోభానికి లోనైతే నష్టం ఒక సంస్థతో ఆగదు. ఖజానాపై అదనపు భారం, ప్రజల భద్రతకు ముప్పు రెండూ ఏర్పడతాయి.

మూసీ వరదలు – ఒక సలహా ఇంజనీరు నివేదిక

1908 సెప్టెంబరు 28న మూసీ నదికి వచ్చిన వరద హైదరాబాద్ నగరంలో వేలాది మందిని బలిగొన్నది. నిజాం ప్రభుత్వం 1909లో బొంబాయి సర్వీసు నుండి విరమించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యను ప్రత్యేక సలహా ఇంజనీరుగా ఆహ్వానించింది. నదీ పరీవాహక ప్రాంతాన్ని, వర్షపాత వివరాలను అధ్యయనం చేసిన ఆయన, నగర రక్షణకు నగరం లోపల గోడలు మాత్రమే చాలవని, ఎగువన మూసీ, ఈసీ నదులపై వరద జలాశయాలు నిర్మించాలని అదే సంవత్సరం నివేదించారు. తదనుగుణంగా 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ రూపుదిద్దుకున్నాయి. కొద్ది నెలల పాటు పనిచేసిన సలహా ఇంజనీరు నివేదిక ఒక నగరానికి తరతరాల రక్షణగా, తాగునీటి వనరుగా నిలవడం గమనార్హం.

అంతర్జాతీయ సమాఖ్య

బెల్జియం, ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ దేశాల సంఘాలు 1913లో ఘెంట్ నగరంలో సలహా ఇంజనీర్ల అంతర్జాతీయ సమాఖ్యను నెలకొల్పాయి. ‘ఫిడిక్’గా ప్రసిద్ధమైన ఈ సమాఖ్య కేంద్ర కార్యాలయం జెనీవాలో ఉంది. భారతదేశం తరఫున కన్సల్టింగ్ ఇంజనీర్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా ఇందులో సభ్యత్వం కలిగి ఉంది.

సమాఖ్య 1957లో వెలువరించిన ‘రెడ్ బుక్’ సివిల్ పనుల ఒప్పంద షరతులకు ప్రామాణికంగా మారింది. 1999లో కొత్త ఒప్పంద గ్రంథాల శ్రేణి, 2017లో వాటిలో ప్రధానమైన మూడింటి రెండవ ముద్రణ వెలువడ్డాయి. యజమాని వద్ద రుసుము పుచ్చుకునే ఇంజనీరు, యజమానికీ కాంట్రాక్టరుకూ మధ్య వివాదం వచ్చినపుడు ఎలా వ్యవహరించాలన్నది వీటిలో కీలకాంశం. 1999 షరతులు న్యాయమైన నిర్ణయం చేయాలని పేర్కొనగా, 2017 షరతులు ఆ సందర్భంలో తటస్థంగా వ్యవహరించాలని స్పష్టీకరించాయి.

లెసోతో నేర్పిన పాఠం

ఆఫ్రికాలోని చిన్న పర్వత దేశమైన లెసోతో, దక్షిణాఫ్రికాకు నీరు తరలించేందుకు 1986లో ఒడంబడిక కుదుర్చుకుని భారీ జల పథకాన్ని చేపట్టింది. 185 మీటర్ల ఎత్తు గల కాట్సే ఆనకట్ట ఇందులో భాగం. పథక సంస్థ తొలి ముఖ్య కార్యనిర్వహణాధికారి మసుఫా సోలే ఖర్చుల లెక్కలపై తలెత్తిన వివాదం 1995లో ఆయన తొలగింపునకు, ఆపై సివిల్ దావాకు దారితీసింది. ఆ దావాలో బ్యాంకు ఖాతాల వివరాలు కోరగా, స్విట్జర్లాండ్‌లోని ఖాతాలు వెలుగుచూశాయి. వివిధ దేశాల సంస్థల నుండి మధ్యవర్తుల ద్వారా ఆయనకు సొమ్ము చేరినట్లు తేలింది. 2002లో న్యాయస్థానం ఆయనకు జైలు శిక్ష విధించింది.

అంతటితో ఆగక, లెసోతో ప్రభుత్వం లంచం ఇచ్చిన సంస్థలపైనా విచారణ జరిపించింది. కెనడాకు చెందిన కన్సల్టెన్సీ సంస్థ ఆక్రెస్ ఇంటర్నేషనల్‌ను 2002లో హైకోర్టు దోషిగా నిర్ధారించింది. స్థానిక ప్రతినిధికి కమిషన్ మాత్రమే చెల్లించామన్న సంస్థ వాదనను న్యాయస్థానం అంగీకరించలేదు. 2003లో అప్పీలు కోర్టు ఒక అభియోగంపై తీర్పును ఖాయపరచి, జరిమానాను తగ్గించింది. తొలుత ఆధారాలు చాలవని భావించిన ప్రపంచ బ్యాంకు, తీర్పు అనంతరం పునఃపరిశీలన జరిపి, 2004లో ఆ సంస్థను మూడు సంవత్సరాల పాటు అనర్హమైనదిగా ప్రకటించింది. జర్మనీకి చెందిన లామేయర్ సంస్థపై కూడా 2006లో ఇటువంటి చర్యే తీసుకున్నది.

సంస్థాగత పాలన – ముఖ్యాంశాలు

ఇటువంటి అనుభవాల దృష్ట్యా సంస్థల అంతర్గత పాలనలో ఈ క్రింది అంశాలు ప్రాధాన్యం సంతరించుకున్నాయి.

* ప్రతినిధులకు, ఉప కన్సల్టెంట్లకు చెల్లించే ప్రతి మొత్తానికీ వారు చేసిన పని ఆధారంగా లెక్క చూపడం.
* ఒకే పథకంలో డిజైనర్‌గానూ, కాంట్రాక్టరు భాగస్వామిగానూ ఉండే ప్రయోజనాల వైరుధ్యాన్ని ముందుగానే వెల్లడించడం.
* డిజైన్లను వాటిని రూపొందించిన బృందంతో సంబంధం లేని ఇంజనీర్లచే తనిఖీ చేయించడం.
* లోపాన్ని ఎత్తిచూపిన జూనియర్ ఇంజనీరుకు రక్షణ కల్పించడం. సంస్థ అధిపతి నాయకత్వానికి ఇదే అసలైన గీటురాయి.

ఎంపిక విధానం ప్రభావం

సంస్థల ప్రవర్తన ఎంపిక విధానంపైనా ఆధారపడి ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళి–2017 కన్సల్టెన్సీ సేవలకు నాణ్యత, వ్యయం రెండింటి ప్రాతిపదికన ఎంపికకు వీలు కల్పించింది. ముందుగా సాంకేతిక ప్రతిపాదనలను పరిశీలించి, నిర్ణీత అర్హత పొందిన వారి ధరల కవర్లను మాత్రమే తెరుస్తారు.

ఉదాహరణకు ఒక సంస్థ సాంకేతికంగా 90 మార్కులు పొంది రూ. 100 లక్షలు, మరొకటి 75 మార్కులు పొంది రూ. 80 లక్షలు కోరాయనుకుందాం. నాణ్యతకు 80, ధరకు 20 శాతం వెయిటేజీ ఇస్తే మొదటి సంస్థకు 88, రెండవదానికి 80 మార్కులు వస్తాయి. అదే నాణ్యతకు 30, ధరకు 70 శాతం ఇస్తే మొదటిదానికి 83, రెండవదానికి 92.5 మార్కులు వచ్చి ఫలితం తారుమారవుతుంది. కనుక వెయిటేజీ నిర్ణయం గుమాస్తా పని కాదు. పథకం భవిష్యత్తును నిర్దేశించే పాలనా నిర్ణయం. రుసుములో మిగిల్చిన కొద్ది మొత్తం కంటే, సరిగా జరగని మట్టి పరీక్షల వలన నిర్మాణ దశలో పడే భారం ఎన్నో రెట్లు అధికం కావచ్చు.

పత్రికా రచయితలు, అధికారులు ఏ పథకాన్ని సమీక్షించినా టెండరు మొత్తంతో పాటు సలహా ఇంజనీరు ఎవరు, ఎలా ఎంపికయ్యారు, ఎవరికి జవాబుదారీ అన్న మూడు ప్రశ్నలను విధిగా పరిశీలించవలసి ఉంది. లెసోతోలో ఖర్చుల లెక్క అడగడంతోనే అసలు విషయం బయటపడిన సంగతి ఈ సందర్భంగా గుర్తుంచుకోదగినది.