తిరుమలలో దర్శనకాలము – వరుసల చరిత్ర

మన ఆలయ జీర్ణోద్ధరణము పూర్తియై మహాసంప్రోక్షణకు ముహూర్తము నిశ్చయమైన నాడు సంఘము పెద్దలు నన్నడిగిన మొదటి ప్రశ్న హోమద్రవ్యములను గూర్చి కాదు. "స్వామీ, వచ్చినవారందరికీ దర్శనమెట్లు చేయించగలము?" అనిరి. ఆ చింత తిరుమలకు తెలిసినంతగా మరెవరికి తెలియును?

ధాన్యమైనచో గాదెలో నిలువయుండును. దర్శనము నిలువయుండునది కాదు. నిన్న ఏకాంతసేవకు ముందు ఖాళీగా గడచిన ఘడియను నేటి రద్దీలో వాడుకొనలేము.

పూర్వము కొండయే జనసమ్మర్దమును అదుపుచేసెడిది. నడువగలవారు నడచిరి, ఉన్నవారు డోలీలలో వెళ్ళిరి. 1944లో మొదటి ఘాట్ రోడ్డు, 1974లో రెండవది ఏర్పడినవి. దారి పెరిగినది గాని గర్భాలయము పెరుగలేదు. పెంచుటకు ఆగమము సమ్మతింపదు. తోమాల, అర్చన, నైవేద్యములు పోగా మిగిలినదే భక్తుల కాలము. నేడు ఆ కాలములోనే దినమునకు 60,000 మందికి పైగా దర్శనము జరుగవలెను.

విద్యార్థిదశలో నేను వెళ్ళినపుడు వరుస వీధిలోనే ఉండెడిది. ఎండయైనను వానయైనను కదలరాదు, కదలినచో స్థానము పోవును. 1980వ దశకమున వైకుంఠం క్యూ కాంప్లెక్సు వచ్చి నిరీక్షణకు నీడనిచ్చినది. 1985లో నిత్యాన్నదానము ఆరంభమైనది. నిరీక్షణ తగ్గలేదు, బాధ తగ్గినది. ఇది చిన్న విషయము కాదు.

పిదప దర్శనమునే కుదించిరి. ఒకప్పుడు కులశేఖరపడి వరకు వెళ్ళి సేవించెడివారు. రద్దీ పెరిగినకొలది లఘుదర్శనము, అటుపై మహాలఘుదర్శనము వచ్చినవి. సామాన్య భక్తునకు జయవిజయుల చెంతనుండియే స్వామి కనబడును. ఎక్కువమంది చూచుటకై ఒక్కొక్కరు తక్కువసేపు చూడవలసివచ్చినది. అర్చకునిగా ఇది నాకు కష్టముగానే తోచును. ఐనను వెనుక నిలిచిన వృద్ధుని తలచినచో తప్పుపట్టలేను.

వేళ ముందుగా తెలిపెడి టోకెన్లు అంతకంటె మేలైన మార్గము. తన వేళకు వచ్చువాడు రాత్రియంతయు నిలువనక్కరలేదు. ఏకాదశి, ద్వాదశి దినములకే పరిమితమైయుండిన వైకుంఠద్వారదర్శనమును 2020 డిసెంబరు నుండి పది దినములకు విస్తరించిరి. జనము పలుచబడునని అందరము అనుకొంటిమి. కాని 2025 జనవరి 8న తిరుపతిలో ఆ దర్శన టోకెన్ల కొరకు గుమిగూడినవారిలో తొక్కిసలాట జరిగి ఆరుగురు ప్రాణములు కోల్పోయిరి. దర్శనపు రద్దీ పది దినములకు సర్దుకొన్నను, టోకెన్ల రద్దీ ఒక్క రాత్రికే చేరినది.

అందుచేత మన యాలయమున టోకెన్ల పంపిణీ వలదని విన్నవించితిని. దాతలకు ప్రత్యేక వరుస ఉండవలెనని కొందరు కోరిరి. వృద్ధులకు, పసిబిడ్డల తల్లులకు మాత్రమే ఉండునని సంఘమువారు అంగీకరించిరి. కలశజలము విమానముపై పడు క్షణము ఒక్కటే, నిజమే. కాని ఆనాటి నుండి మండలపూజలు నిత్యము జరుగును. సమీప గ్రామముల వారు దయచేసి ఆ దినములలో, ఉదయ నైవేద్యానంతరము రండి. అప్పుడు మిమ్ము తొందరపెట్టువారుండరు.